కోనసీమ: వచ్చు నీరు, పోవు నీరు

అమరకోశము వల్లెవేసినవారికి నదీమాతృకము, దేవమాతృకము అను రెండు మాటలు పరిచితములే. ఏటినీటితో పండు దేశము నదీమాతృకము. వాననీటితో పండు దేశము దేవమాతృకము. చిన్ననాట మా తాతగారు ఈ మాటలను నాచేత చదివించుచుండగా, మన సీమ ఈ రెండింటిలో ఏది తాతగారూ అని అడిగితిని. "నదీమాతృకమేరా, సందేహమేమి? గోదావరమ్మ లేనిచో మనకు అన్నమెక్కడిది?" అని వారు సెలవిచ్చిరి. ఆ జవాబు తప్పు కాదు. కాని ఏబది ఏండ్లు దాటి, ఊరి లెక్కలు వ్రాయుటలో తల నెరసిన పిమ్మట, అది సగము జవాబే అని నాకు తోచుచున్నది.

మన సీమకు నది తల్లియే. అయితే ఆ తల్లి యిచ్చిన నీరు చేను తడిపిన పిమ్మట సముద్రమునకు పోవలెను. పోవుటకు దారి లేనిచో ఆ నీరే పైరును కుళ్లబెట్టును, ఊరిని ముంచును, నేలను చౌడు చేయును. నీరు తెచ్చుట ఒక విద్య. నీరు పంపుట వేరొక విద్య. మొదటి విద్య నేర్పినవారికి మనము విగ్రహములు నిలిపితిమి, అది ఉచితమే. రెండవ విద్యను మాత్రము మరచుచున్నాము. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన చరిత్ర వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, రాజుల వంశావళులకంటె ఈ నీటి చరిత్రయే మన పాఠకులకు దగ్గరిదని తలచి, నా శక్తి కొలది వ్రాయుచున్నాను.

నేల పుట్టుక

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట గౌతమి, వాసిష్ఠ అను రెండు పాయలుగా చీలుచున్నది. వాసిష్ఠ నుండి వైనతేయ చీలినది. గౌతమికిని, వాసిష్ఠకును, సముద్రమునకును నడుమ నున్న ఈ మూల భూమియే కోనసీమ. మూడు వైపుల నీరు గల నేల యిది.

ఈ నేలను సృష్టించినది గోదావరియే. ఎగువ నున్న కొండలను, పీఠభూములను కోసి తెచ్చిన ఒండ్రును నది తన ముఖద్వారమున దింపగా, సముద్రపు అలలు ఆ యిసుకను తీరము వెంబడి దిబ్బలుగా పేర్చినవి. ఒక దిబ్బ ముందు మరియొక దిబ్బ ఏర్పడుచు, నేల మెల్లమెల్లగా సముద్రము మీదికి సాగినది. నేడు సముద్రమునకు మైళ్ల దూరమున బావి త్రవ్వునప్పుడు గవ్వలు బయటపడుటకు కారణమిదే. ఒకనాటి సముద్రతీరమే నేటి మన మెరక. రెండు దిబ్బల నడుమ నున్నది మన పల్లము. సుమారు ఆరువేల ఏండ్ల కాలములో మన డెల్టా యీ రూపమునకు వచ్చినదని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

మన పెద్దలు శాస్త్రము చదువకపోయినను నేల స్వభావము నెరిగి ఊళ్లకు పేర్లు పెట్టిరి. ఏటి నడుమ ఒండ్రు చేరి లేచినది లంక. అందుకే బొబ్బర్లంక, ఠాణేలంక. ఇసుక మేటవేసి లేచినది తిప్ప. అందుకే బలుసుతిప్ప, వాసాలతిప్ప. ఓడలు నిలిచిన చోటు ఓడలరేవు. సముద్రపు టొడ్డున పల్లము అనియే ఒక బెస్తపాలెము కలదు. ఊరి పేరు చదివినచో అచ్చటి నేల మట్టము తెలియును. మెరక మీద ఇల్లు, కొబ్బరితోట, పల్లమున వరిచేను, అంతకంటె పల్లమున మురుగు. ఇది మన పూర్వులు వ్రాయని శాసనము. ఈ శాసనమును మీరి పల్లమును పూడ్చి ఇండ్లు కట్టిన చోట్ల నేమి జరుగుచున్నదో ప్రతి కార్తికమాసపు వానలలో మనము చూచుచునే యున్నాము.

ధవళేశ్వరము నుండి సముద్రము వరకు నేల వాలు అత్యల్పము. నీరు పరుగెత్తదు, ప్రాకును. పోటు వచ్చినప్పుడు సముద్రము నదిలోనికి ఎగదన్నును. పాటు వేళనే మురుగు బయటికి పోగలదు. అనగా మన చేలలోని నీరు చంద్రుని గమనమును బట్టి సెలవు తీసికొనవలసిన స్థితిలో నున్నది. ఇట్టి నేల మీద ఒక జానెడు గట్టు వేసినను దాని ఫలితము నాలుగు ఊళ్ల అవతల కనబడును.

సప్తగోదావరుల మాట

సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా కొనిపోయిరని పురాణప్రసిద్ధి. గౌతమి, వాసిష్ఠ, కౌశిక, ఆత్రేయ, భారద్వాజ మొదలగు ఋషినామములతో ఆ పాయలను వ్యవహరింతురు. తుల్యభాగ అను పేరును అందులోనిదే. ఏడు సంగమములయందు స్నానమాడి అంతర్వేదిలో ముగించు సప్తసాగరయాత్ర నేటికిని కలదు.

ఈ పాయలన్నియు నేడు నదులుగా మిగులలేదు. ఒకప్పుడు ఋషి పేర పూజలందిన కౌశిక నేడు ప్రభుత్వపు లెక్కలలో కౌశిక డ్రెయిను. తుల్యభాగయు నట్లే డ్రెయిను అయినది. ఇందులో అవమానమేమియు లేదని నా అభిప్రాయము. నదిగా పుట్టి, వయసు మళ్లిన పిమ్మట ఊళ్ల మురుగును మోసికొని సముద్రమున కలుపుట కూడ నదీధర్మమే. అవమానము వేరొకచోట నున్నది. యాత్రకు పోయి కౌశిక పేర సంకల్పము చెప్పుకొను మనమే, ఇంటికి వచ్చి అదే కౌశికలో గుర్రపుడెక్క పెరుగుచుండగా, చెత్త పారబోయుచుండగా చూచి ఊరకుందుము.

ఆనకట్ట

నందన సంవత్సరపు కరవు, అనగా 1832-33 నాటి క్షామము, ఆంధ్ర తీరమును శ్మశానము చేసినది. 1839లో తుపాను కోరంగిని ముంచివేసినది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుండిన గోదావరి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగినది. పక్కనే ఏరు నిండుగా ప్రవహించి సముద్రము పాలగుచుండగా, గట్టుమీది జనులు ఆకలితో చచ్చిరి. నదీమాతృకమను పేరు ఆనాడు వట్టి పేరే.

ఈ స్థితిని చూచి ఆర్థరు కాటను 1844లో ఆనకట్ట ఆవశ్యకతను నిరూపించుచు నివేదిక వ్రాసెను. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకలను ఆధారముగా చేసికొని కట్టిన ఆ కట్టడము పొడవు రెండు మైళ్లకు పైమాట. ధవళేశ్వరపు కొండరాయియే దానికి ముడిసరకు. వీణెం వీరన్నవంటి మనవారు కాటనునకు తోడై వేలాది కూలీలను నడిపిరి. ఆ పిమ్మట డెల్టాలో 10 లక్షల ఎకరములు సాగులోనికి వచ్చినవి. ఆ పాత ఆనకట్టకు బదులుగా 175 తలుపులతో కట్టిన బ్యారేజి 1982లో పూర్తియై, కాటను పేరనే వెలయుచున్నది.

మన మధ్య డెల్టాకు నీరు బొబ్బర్లంక వద్ద తలనెత్తి, లొల్ల లాకుల వద్ద శాఖలగుచున్నది. వైనతేయకు ఆవల నున్న రాజోలు ప్రాంతమునకు నీరు చేర్చుటకై 1850 దశకమున గన్నవరము వద్ద ఏటిమీదుగా 49 కమానుల అక్విడక్టు నిర్మించిరి. ఒక ఏరు మీద మరియొక ఏరు నడచుట చూచి ఆ కాలపు జనులు ఎంత యబ్బురపడిరో! దాని పక్కన 2000లో కట్టిన క్రొత్త అక్విడక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన తల్లి పేరు, చేలకు నీరు పోయు కట్టడమునకు తగియున్నది.

మురుగు కథ

ఇంతవరకు వచ్చు నీటి కథ. ఇది మన పిల్లలకు పాఠ్యపుస్తకములలో నున్నది. పోవు నీటి కథ ఏ పుస్తకమునను లేదు.

కాలువ మెరక వెంబడి పోవును. ఎత్తు నుండి ఇరుప్రక్కల చేలకు నీరియ్యవలెను గదా. మురుగు పల్లము వెంబడి పోవును. కావున ప్రతి కాలువకును ఒక జంట మురుగుకాలువ యుండవలెను. కాని నీరు వచ్చినచో శిస్తు వచ్చును. నీరు పోయినచో ఖజానాకు ఏమి వచ్చును? అందుచేత కాలువలకు తొలినాటి నుండి లభించిన శ్రద్ధ మురుగుకాలువలకు లభింపలేదు. వానకాలములో పల్లపు చేలు చెరువులగుట పరిపాటి యైనది. 1960 దశకమున ప్రభుత్వము మిత్రా కమిటీని నియమించి డెల్టాల మురుగు సమస్యను పరిశీలింపజేసినది. 1968లో కృష్ణా గోదావరీ డెల్టాల మురుగు పనుల నిమిత్తము రైతులపై సెస్సు విధించు చట్టము చేసిరి. అనగా పోవు నీటికి కూడ ఖరీదు గలదని ప్రభుత్వము ఒప్పుకొనుటకు ఆనకట్ట కట్టిన పిమ్మట నూరేండ్లకు పైగా పట్టినది.

1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినది. నాకప్పుడు మీసములు మొలచుచున్న వయసు. లంకలలోనివారు గొడ్డు గోదతో ఏటిగట్టు మీదికి చేరిరి. గట్టుమీద లాంతర్లు పెట్టుకొని రాత్రులు కాపు కాచితిమి. 1996 నవంబరు 6వ తేది తుపాను ఇంకను ఘోరమైనది. వెయ్యిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. తెల్లవారి చూచిన నా కండ్లకు ఊరు ఊరుగా తోచలేదు. కొబ్బరిచెట్లు ఒకే దిక్కునకు తలలు వాల్చి, దువ్విన జుట్టువలె పడియుండినవి. అంతటి గాలి ఒక రాత్రిలో పోయినది. కాని చేలలోని నీరు పోవుటకు చాల దినములు పట్టినది. గాలికి నిలిచిన పైరు ఆ నిలువ నీటిలో కుళ్లినది. గాలిని ఆపుట మన చేతిలో లేదు. ఆ నీటికి దారి యిచ్చుట మన చేతిలో నుండినది.

2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరములలో నాట్లు వేయక పంట విరామము ప్రకటించిరి. గిట్టుబాటు ధర లేకుండుట, కూలి ఖర్చులు పెరుగుట, మురుగు పోక పైరు మునుగుట వారు చెప్పిన కారణములు. ప్రభుత్వము మోహన్ కందా కమిటీని వేసినది. నదీమాతృకమైన దేశమున, కాలువలో నీరుండగా రైతు నాగలి విడిచిపెట్టుట మన చరిత్రలో చిన్న సంగతి కాదు.

చట్టములు

ఈ సీమకు నీటిని గూర్చిన చట్టములు తక్కువేమియు కావు. ఊరివారు కాలువ గట్లకు ఆపత్సమయమున పనిచేయవలెనని 1858లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసెను. ప్రభుత్వపు నీటిని వాడినచో తీరువ చెల్లింపవలెనని 1865లోను, నదీగర్భమున అడ్డుకట్టలు వేయరాదు, అనుమతి లేక లంకలలో కట్టడములు సాగరాదు అను ఉద్దేశముతో 1884లోను చట్టములు వచ్చినవి. 1997లో కాలువల యాజమాన్యమున రైతులకే పాలు నిచ్చుచు నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచు చట్టము వచ్చినది.

సముద్రపు దిక్కున వచ్చిన చట్టములు వేరు. 1991 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ప్రకటన చేసి, పెద్దపోటు గీత నుండి 500 మీటర్ల మేర కట్టడములకు, పరిశ్రమలకు కట్టుబాట్లు విధించినది. పోటు పాటులు గల నదీపాయల ఒడ్డులకును ఇట్టి కట్టుబాటు కలదు. ఆ ప్రకటనను 2011లోను, 2019లోను మార్చిరి. రొయ్యల చెరువులు తీరమంతట వ్యాపించిన కాలమున, 1996 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము పంటభూములను, మడ అడవులను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చరు అథారిటీ చట్టమును చేసినది.

ఈ చట్టములు చదివినవారు మనలో ఎందరు? నా బల్లమీదికి వచ్చు కాగితములను బట్టి చెప్పుచున్నాను; చట్టము తెలియక మీరినవారు కొందరు, తెలిసి మీరినవారు కొందరు. ఒకని చెరువులోని ఉప్పునీరు ఊట దిగి పక్కవాని వరిచేనిలోనికి వచ్చును. పక్కవాడు రెండేండ్లు చూచి, వరి పండదని, తానును చెరువు త్రవ్వును. మూడవవానికి వేరు గతి యుండదు. రొయ్యలవలన లాభపడినవారిని నేను నిందించుటలేదు. అప్పులు తీర్చి పిల్లలను చదివించుకొన్నవారు నాకు తెలియును. కాని నీటికి గట్టు హద్దు కాదు. నా చేనిలో నేనేమి చేసినను నాకే చెల్లునను మాట డెల్టాలో చెల్లదు.

సముద్రము ఎదురు వచ్చుట

నేలను సృష్టించినది ఒండ్రు అని పైన చెప్పితిని. ఆ ఒండ్రు నేడు రావలసినంత వచ్చుటలేదు. ఎగువ కట్టిన జలాశయములలో అది నిలిచిపోవుచున్నది. 1970 దశకమున ఏటేట సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రము చేరగా, 1990 దశకమున అది 6 కోట్ల టన్నులకు లోపే యని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. నది ఇచ్చుట తగ్గించెను. సముద్రము తీసికొనుట మానలేదు. తీరమున పలుచోట్ల నేల కోతపడుచున్నది. గౌతమికి ఆవలి దెసనున్న కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ మడచెట్లు వంటచెరకుగా మాత్రమే కనబడిన కాలమొకటి కలదు. వాటి వేళ్ల నడుమ ఒండ్రు నిలుచునని, అవి ఉప్పెన వేగమును తగ్గించునని బెస్తలకు ఎప్పుడును తెలిసినదే.

మురుగుకాలువ మొగ పూడినచో నీరు బయటికి పోదు. మొగ తెరచియుండి పైనుండి మంచినీటి ఒత్తిడి తగ్గినచో ఉప్పునీరు లోనికి వచ్చును. ఇటీవలి సంవత్సరములలో శంకరగుప్తము మురుగుకాలువ వెంట సముద్రపు పోటు ఎగదన్ని, కేశనపల్లి మొదలగు గ్రామములలో కొబ్బరిచెట్లు తలలు వాల్చి మోడులైనవి. కొబ్బరిచెట్టు తుపాను గాలికి కూలినచో మరల నాటవచ్చును. వేరునకు ఉప్పు తగిలిన నేలలో దేనిని నాటవలెను?

మన ఊరి బోదె

ఇక కథ మన ఊరికి వచ్చును. ఇది చెప్పుటకు కొంత సిగ్గుగా నున్నది. అయినను చరిత్ర వ్రాయువాడు తన యింటి సంగతి దాచి పరుల సంగతి వ్రాయుట న్యాయము కాదు.

కొన్నేండ్ల క్రిందట ఒక కార్తికపు వానకు మన దిగువ చేలు పదునైదు దినములు నీట మునిగినవి. నష్టపు జాబితా వ్రాయుటకు నేను పుస్తకము పట్టుకొని గట్టుమీదికి పోతిని. అచట దిగువ రైతు, నేను బాబాయి అని పిలుచు వృద్ధుడు, మోకాలి లోతు నీటిలో నిలుచుండి నన్ను చూచెను.

"ఏమిరా అబ్బాయీ, ఎకరము డెబ్బది సెంట్లని వ్రాసికొంటివా?"

"వ్రాసితిని బాబాయీ. పైరు నష్టమని కూడ వ్రాసితిని."

"బాగున్నది. ఈ నీరు ఎవరి చేనిలో ఆగి నా చేనిలోనికి వచ్చినదో అది వ్రాయుటకు నీ పుస్తకములో గడి యున్నదా?"

నేను మారు పలుకలేకపోతిని. ఇంటికి వచ్చి ఆ సర్వే నంబర్ల కొలత పటములను తీసితిని. 1984లో కరణీకములు రద్దగువరకు మా తాతగారు వ్రాసిన కాగితములు కొన్ని మా యింట మిగిలియున్నవి. వాటిని పటముతో సరిచూచి, గొలుసు పట్టించి నేలమీద కొలిపించితిని. పటములో నున్న మురుగుబోదె వెడల్పులో నేలమీద సగమైనను లేదు. ఒకచో గడ్డివామి, ఒకచో పశువులపాక, ఒకచో ప్రహరీ. ఎగువ భాగమున బోదెను మ్రింగినది ఒక కొబ్బరి వరుస. అది మా తోటయే. మా నాన్నగారు నాటిన చెట్లవి. వారు చెడ్డవారు కారు. గట్టు ఖాళీగా నున్నదని నాటిరి. మా తాతగారి చేతివ్రాతలో బోదె వెడల్పు స్పష్టముగా నుండినది. ఆ వ్రాత మా యింటనే యుండగా, మా చెట్లు దానిమీద ముప్పది ఏండ్లు కాయలు దింపినవి.

ఆ వేసవిలో, కాలువలు కట్టివేసిన సమయమున, ఆ చెట్లను కొట్టించితిని. మా అమ్మ రెండు దినములు నాతో మాటలాడలేదు. "కన్నకొడుకువలె పెంచిన చెట్లురా" అని మాత్రము ఒకమా రనినది. మా భాగమున బోదె పటములోని వెడల్పునకు వచ్చినది. తరువాత ముగ్గురు తమ భాగములు విడిచిరి. తక్కినవారు విడువలేదు. నేను వారిని తప్పుపట్టజాలను. నేనును ముప్పది ఏండ్లు విడువనివాడనే. కాని మరుసటి యేడు వానలకు దిగువ చేలలో నీరు పదునైదు దినములకు బదులు తొమ్మిది దినములు నిలిచినది. తొమ్మిది దినములు కూడ పైరునకు ఎక్కువే. మిగిలిన బోదె తెరచినచో అది నాలుగగునని నా నమ్మిక.

ముగింపు

మన గ్రంథాలయమున భారత భాగవతములున్నవి, నవలలున్నవి, వార్తాపత్రికలు వచ్చుచున్నవి. కాని మన ఊరి నీరు ఏ దారిని వచ్చి ఏ దారిని పోవునో తెలుపు పటము మాత్రము లేదు. ఆ లోపమును తీర్చుటకు మన గ్రామపు కాలువలు, తూములు, బోదెలు, అవి కలియు పెద్ద మురుగుకాలువ, అది సముద్రమున కలియు మొగ, వీనినన్నిటిని పాత కొలతలతో ఒక పటముగా గీయించి ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. దానిని పఠనమందిరమున అందరకు కనబడునట్లు తగిలింపవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను. అందులో మా తోట యున్న చోటును కూడ ఎర్రసిరాతో గుర్తించితిని. ఎవరును మొగమాటపడ నవసరము లేదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట, తొలకరికి ముందు, ఒక ఉదయము ఆ పటము చేతబట్టుకొని ఎగువవారును దిగువవారును కలిసి బోదె వెంబడి చివరివరకు నడువవలెను. నడచినచో ఎవరి గట్టు ఎక్కడికి జరిగినదో ఒకరు చెప్పనవసరము లేకయే అందరకును తెలియును. స్వర్ణోత్సవ సంచికలో వ్రాయువాడెవడో నాకు తెలియదు. దిగువ చేలలో నీరు ఎన్ని దినములు నిలుచుచున్నదో ఆ లెక్కను అతడు మొదట వ్రాయవలెనని నా కోరిక.